మూడు పానాల ఆట

మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, ఆ ఎండాకాలం అయిజ దగ్గరి పల్లె నుంచి వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. కడుపులో గడ్డ ఉందనీ, ఆలస్యం చేస్తే ప్రమాదమనీ, ఆపరేషన్ చేసి తీసెయ్యాలనీ కర్నూలు డాక్టరు చెప్పాడు. అవ్వ ఆ మాట విని, చెప్పులు వేసుకుని, బయటికి నడిచి బస్సెక్కి కూర్చుంది. ఆమెది ఒకటే ప్రశ్న.

"కోస్తే మల్ల లేస్తనా?"

లేస్తావని ఎవరు చెప్పినా నమ్మలేదు. "కోసేటోడు ఆయన, పండేదాన్ని నేను. ఆయనకేం తెల్సు?" అనేది. అమ్మ బతిమాలింది, నాయిన అరిచాడు. అవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. రోజులు గడుస్తున్నాయి, ఆమె తిండి తగ్గుతోంది.

నాకు పదేళ్లు. ఇంట్లో అందరూ ఇట్లా పరేషాన్‌లో ఉంటే నేను మాత్రం టీవీ ముందు వీడియోగేమ్ ఆడుతూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ అప్పుడు వేయలేదు. భుజాన సంచి వేసుకున్న ఒక బొమ్మ మనిషి ఎడమ నుంచి కుడికి ఉరుకుతూ ఉంటాడు. గుంతలు దాటాలి, ముళ్లకంపల మీదినుంచి ఎగరాలి. చివరి స్టేజీలో పెద్ద లోయ ఒకటి వస్తుంది. దాన్ని దాటినవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు.

ఒకరోజు అవ్వ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"ఈడు యాడికి పోతుండే?"

"ముందటికి."

"ముందట ఏముంది?"

"తెల్వదు."

"తెల్వకుండనే ఉరికిస్తున్నవా వాణ్ణి?"

నాకు ఒళ్లు మండింది. అన్ని నెలలు ఆడినా ఆ ప్రశ్న నాకు తట్టనందుకు మండింది. ఆ రోజు నుంచి అవ్వ నా పక్కనే కూర్చునేది. వాడి సంచిలో ఏముంది, అన్నమెప్పుడు తింటాడు, వెనక్కెందుకు తిరగడు అని అడిగేది.

వాడు గుంతలో పడి మళ్లీ లేవడం చూసి అవ్వ నిటారుగా కూర్చుంది. తెర మూలన, వాడు పడ్డప్పుడల్లా ఒకటి తగ్గే అంకె సంగతి చెప్పాను. స్నేహితులం దాన్ని లైఫు అనేవాళ్లం. అవ్వకు అర్థం కావాలని పానం అన్నాను. మా దిక్కు ఒంట్లో బాగాలేకున్నా పానం బాగలేదంటాం, మనిషి చచ్చిపోతే పానం పోయిందంటాం. రెండింటికీ అదే మాట.

"మూడు పానాలా!" అని అవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది. "మనకొక్కటే ఇచ్చె గదా."

మూడోరోజుకల్లా రిమోటు ఆమె చేతికి పోయింది. వాడు పడ్డప్పుడల్లా అమ్మో అని కేక. లేచినప్పుడల్లా "లేసిండు, లేసిండే!" అని నా వీపు మీద దెబ్బ. మూడూ అయిపోతే మాత్రం రిమోటు ఒళ్లో పెట్టుకుని, చెయ్యి కడుపు మీద వేసుకుని ఊరుకునేది. అది నాకు నచ్చేది కాదు, భయం వేసేది. అందుకని ఆట ముగిసేలోపే బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టి, "ఇంకా రెండున్నయ్ అవ్వా" అనేదాన్ని. ఆమెకు అంకెలు రావు. నా అబద్ధం చక్కగా నడిచిపోతోందనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పక్కింటామె గోడ మీదినుంచి తొంగిచూసింది. "ఏమే, మీ అవ్వ పానమెట్లుంది?"

నేను వాకిట్లో నిలబడి ఉన్నాను గానీ కళ్లు లోపల టీవీ మీదే ఉన్నాయి. "రెండు పోయినయ్, ఒక్కటుంది" అన్నాను. అప్పుడే లోపలినుంచి అవ్వ కేక. "అయ్యో, గా ఒక్కటి గూడ పోయింది!" అంటూ నేను లోపలికి పరుగెత్తాను.

పక్కింటామె ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తింది.

పొద్దుగూకక ముందే ఇంటిముందు జీపు ఆగింది. పల్లె నుంచి పెద్దనాయిన, పెద్దమ్మ, దారిలో గద్వాలలో ఎక్కిన మా మేనత్త దిగారు. పెద్దనాయిన చేతిలో పూలదండ ఉంది. అత్త గుండెలు బాదుకుంటూ వచ్చి గడపలో ఆగిపోయింది. అవ్వ తల తిప్పలేదు. "జర ఆగుండ్రి, లోయ కాడున్న" అంది.

నాకు పడాల్సిన దెబ్బలు పడ్డాయి. అవ్వకు మాత్రం కోపం రాలేదు. ఆమెకు వేరే ఆరా మొదలైంది. తన చావుకు ఎవరెంత ఏడ్చారో తెలుసుకోవాలి.

"నువ్వెప్పటి సంది ఏడుస్తున్నవే?" అని అత్తను అడిగింది.

"గద్వాలల జీపెక్కినప్పటి సంది" అంది అత్త, ఇంకా వెక్కుతూనే.

"పెద్ద కోడలా, నువ్వు?"

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. "పెబ్బేరు దాటినంక, అత్తా." పెబ్బేరు దాటితే ఇంక వచ్చేది మా ఊరే.

అందరికంటే ముందు అవ్వే నవ్వింది, కడుపు పట్టుకుని.

మర్నాడు ఎవరూ వెళ్లలేదు. మా ఊరి టాకీసులో అప్పుడే ఒక డబ్బింగు సినిమా పడింది. మా సంచి మనిషి సినిమానే. గేములో బొమ్మగా ఉన్నవాడు ఇందులో నిజం మనిషి. పోస్టరు చూసినప్పటినుంచి నేను ఇంట్లో వాళ్లను పోరుతున్నాను. ఎట్లాగూ అందరూ ఉన్నారు కదా అని నాయిన మ్యాట్నీకి తీసుకుపోయాడు.

తెర మీద వాడు రాగానే సంచిని బట్టి అవ్వ గుర్తుపట్టింది. కొంచెం పొట్ట కూడా ఉంది వాడికి. వెనకాలే భార్య, ఏడెనిమిదేళ్ల కూతురు. "వీనికి పెండ్లెప్పుడైంది?" అని అవ్వ గట్టిగా అడిగింది. ముందు వరుస మొత్తం వెనక్కి తిరిగింది.

ఇంటర్వెల్ ముందు కూతురు తప్పిపోయింది, లోయ అవతల చిక్కుకుపోయింది. అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "అవతల బిడ్డ ఉందే! గిన్ని దినాలు గందుకా వీడు ఉరికింది?" ఆమె గొంతులో కోపమో సంతోషమో తెలియలేదు. నాకు మాత్రం మా గేములో తలుపు తెరిచినట్టయింది.

చివరికి లోయ వచ్చింది. వాడు ఎగిరాడు, జారాడు, పడ్డాడు. హాలంతా బిగుసుకుపోయింది. అవ్వ ఒక్కతే తాపీగా వక్క నములుతూ, "ఏం గాదు, ఇంక రెండున్నయ్" అంది అందరికీ వినబడేటట్టు.

కానీ గేములోలాగా వాడు మళ్లీ మొదటినుంచి ఉరుకుతూ రాలేదు. ఒక చెట్టువేరు పట్టుకుని వేలాడుతున్నాడు. అరచేయి చీరుకుపోయింది. ముఖంలో భయం కనిపిస్తోంది. గేములో వాడికి ముఖమే సరిగా ఉండేది కాదు.

"మూలకు అంకె లేదేందే?" అని అవ్వ గుసగుసగా అడిగింది.

"సినిమాల ఉండదవ్వా. వీనికి ఒక్కటే."

అవ్వ నమలడం ఆపింది. వాడు పైకి పాకి బిడ్డను ఎత్తుకునేదాకా నా మణికట్టు వదల్లేదు. ఇంటిదాకా నడిచి, వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ నాయినతో అంది, "కర్నూలుకు ఎప్పుడు పోదాం?"

నాయిన చెంబు కింద పెట్టాడు. "ఏమైందమ్మా?"

"ఏం గాలె. వానికీ ఒక్కటే ఉండె. భయం గూడ ఉండె. అయినా దుంకిండు గదా."

వారం తిరగకుండా కర్నూలు దవాఖానకు పోయాం. నర్సు వచ్చి, థియేటర్‌లోకి తీసుకుపోవాలి అంది. అవ్వ మంచం మీదినుంచి తల ఎత్తింది. "మల్ల థియేటరా? గీడ గూడ చీకటి జేస్తరా?" నర్సుకు అర్థం కాలేదు. అత్తకు ఏడుపులో నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. తలుపు మూసుకున్నాక ఎవరం నవ్వలేదు.

అవ్వకు మర్నాడు పూర్తిగా తెలివొచ్చింది. నన్నే పిలిచింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, మాట సన్నగా వచ్చింది.

"ఎన్ని మిగిలినయే?"

అలవాటుపడ్డ నోరు నాది. "ఇంకా రెండున్నయ్ అవ్వా" అన్నాను.

"అబద్ధం. ఆట కాడ గూడ గట్లనే జెప్తుంటివి. నువ్వు బటన్ నొక్కేది నేను చూస్తనే ఉంటి." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఒక్కటే ఉందని నాకు తెల్సు. నీకు తెల్సా అని అడిగిన."

తెలుసన్నాను. అంతకుముందు నిజంగా తెలియదు. ఆమె మంచం కోడు పట్టుకుని, ఆ వార్డులో అందరూ చూస్తుండగానే ఏడ్చాను.