ఖాళీ తరగతిలో మేమిద్దరం

పోయిన నెలలో మేడ్చల్ దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళి కారు దిగి చూద్దును కదా, అది ఒకప్పుడు నేను పాఠాలు చెప్పిన ఇంజనీరింగు కాలేజీ. మూతపడిందని విన్నానే గాని, ఫంక్షన్ హాలు అయిందని తెలియదు. మేము సర్క్యూట్లు చెప్పిన గదిలో భోజనాలు వడ్డిస్తున్నారు. పక్కనావిడ పప్పు బాగుందంటోంది, నేను ఒకప్పుడు బోర్డు ఉన్న గోడవైపే చూస్తున్నాను.

తొంభైల చివర్లో, గుంటూరు వైపు నుంచి పెళ్ళై వచ్చి మచ్చ బొల్లారంలో అద్దెకుంటున్న రోజుల్లో అక్కడ చేరాను. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఊరి చివర ద్రాక్షతోటలు కొట్టేసి కాలేజీలు కట్టిన కాలమది. గోడల సున్నం ఆరకముందే క్లాసులు మొదలయ్యాయి. ఒక్కో లెక్చరరుకు కొంతమంది విద్యార్థులను అప్పగించి, వీళ్ళ మంచిచెడ్డలు మీవే అన్నారు. నా మంచిచెడ్డలే నాకు సరిగా తెలియని వయసు.

అలా నాకు అప్పగించినవాళ్ళలో శామీర్‌పేట నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. చెరువులో చేపలు పట్టే కుటుంబం. తల్లీతండ్రీ పోతే అవ్వ పెంచింది. ఇంటరు దాకా తెలుగులోనే చదివి మంచి ర్యాంకుతో సీటు తెచ్చుకున్న పిల్ల, ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులో సాగేసరికి మూగబోయింది. మొదటి ఏడు దాదాపు అన్ని పరీక్షలూ పోయాయి, ఆ తర్వాత రావడమే మానేసింది. రానివాళ్ళను పోనివ్వండి అన్నారు పైవాళ్ళు. నాకు మనసొప్పక ఓ ఆదివారం బస్సెక్కాను.

ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్న అవ్వ నన్ను చూసి లేచి మంచం వాల్చింది. లోపల గోడవైపు తిరిగి పడుకున్న మనవరాలిని చూపించి, "అన్నం తింటలేదు బిడ్డా, మాట్లాడిస్తే ఏడుస్తాంది. జర నువ్వన్న చెప్పు" అంది. ఆ పిల్ల ఎంతకీ నా వైపు తిరగలేదు. చివరికి గోడతో చెప్పినట్టు, "క్లాసుల అందరు నవ్వుతున్నరు మేడమ్. నాకు గా ఇంగ్లీషు ఎక్కదు" అంది. నా కోస్తా యాసకు కూడా అదే క్లాసు నవ్వుతుందని చెప్పాను. అప్పుడు తిరిగింది.

ఆమెను మళ్ళీ కాలేజీకి తీసుకెళ్ళాను. ఆ తర్వాత రోజూ క్లాసులయ్యాక, చివరి బస్సు వచ్చేదాకా ఖాళీ తరగతిలో ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఏదైనా తెలుగులో అడగొచ్చు, ఎన్నిసార్లైనా అడగొచ్చు అన్నది మా ఒప్పందం. తీరా ఆమె అడగడం మొదలుపెట్టాక తెలిసింది, నేను గడగడా ఒప్పజెపుతున్నవి సగం నాకే వంటబట్టలేదని. వోల్టేజీ అంటే ఏంది మేడమ్ అని ఆ పిల్ల అడిగితే, చెరువు నిండినకొద్దీ తూము దగ్గర నీటి ఒత్తిడి పెరగడం నుంచి ఎత్తుకుని, ఇంటి దగ్గర ఎంత ఆలోచించుకుని చెప్పానో. నన్ను టీచరుని చేసింది ఆ సాయంత్రాలే. తప్పిన పరీక్షలన్నీ ఆమె మెల్లగా గట్టెక్కింది.

ఆమె మూడో ఏడులో ఉండగా, నా కడుపులో బిడ్డ నెలలు నిండకుండానే పోయింది. సెలవయ్యాక తిరిగి వెళితే, స్టాఫ్ రూములో అందరూ ఎండల గురించీ సిలబస్ గురించీ మాట్లాడారే గాని ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పాపం, ఏమనాలో వాళ్ళకూ తెలిసుండదు. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, "ఇయ్యాల మీరు కూసోండ్రి మేడమ్, నేను చెప్త" అని బోర్డు మీద లెక్క మొదలుపెట్టింది. ఆస్పత్రిలో కూడా రాని ఏడుపు నాకు ఆ వెనక బెంచీలో వచ్చింది. ఆమె ఇటు తిరగలేదు. ఒక లెక్క అయిపోతే ఇంకోటి ఎత్తుకుంది.

కథ ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె చదువు పూర్తయ్యే నాటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఒక్కసారిగా పడిపోయాయి. రమ్మన్న కంపెనీ ఇప్పుడు కాదు, అప్పుడు కాదు అంటూ చివరికి అసలే రావద్దంది. అదే సమయంలో అవ్వ మంచం పట్టింది. తూంకుంటలో ఒక చిన్న బడిలో టీచరుగా చేరి, అదీ మానేసి ఇంట్లో కూర్చుందని తెలిసి వెళ్ళాను. ఈసారి నా కళ్ళలోకి సూటిగా చూస్తూ నిలదీసింది. "ఆనాడు నన్నెందుకు తోల్కపోయిన్రు మేడమ్? గప్పుడే సదువు బంద్ జేస్తే గింత ఆశ లేకపోతుండె గద."

పాఠంలో సందేహమైతే రేపు చెబుతాననొచ్చు. ఇది పాఠం కాదు. వీలైన ఆదివారమల్లా వెళ్ళి ఊరికే కూర్చునేదాన్ని. ఇద్దరం కలిసి అవ్వకు జావ తాగించేవాళ్ళం. అవ్వ పోయాక, దూరపు జిల్లాలో ఒక పాలిటెక్నిక్‌లో ఆమెకు చిన్న ఉద్యోగం దొరికింది. చేరిన కొత్తలో ఫోన్ చేసి, క్లాసులో ఒక పిల్ల అసలు నోరు తెరవడం లేదు, ఏం చేయాలి అని అడిగింది. నేను గొంతు సవరించుకునేలోపే, "నాకెర్కనే తియ్యిండ్రి మేడమ్" అని నవ్వింది. ఆ తర్వాత ఇళ్ళు మారాం, నంబర్లు మారాయి. ఇప్పుడెక్కడుందో తెలియదు.

కొంపల్లిలో ఉండే మా మేనకోడలు కూడా లెక్చరరే. వాళ్ళ కాలేజీలో విద్యార్థులు బాధ చెప్పుకోవడానికి ప్రత్యేకంగా గది ఉందట, అందుకు చదువుకుని వచ్చిన మనుషులున్నారట. మంచిదే, మేము తోచింది చేశాం, చేసింది మంచో చెడో తేలకుండానే ముసలివాళ్ళమయ్యాం. సాయంత్రాలు పిల్లలతో కూర్చుంటావా అని ఆమెనడిగాను. ఎక్కడ అత్తా, నాలుగింటికల్లా కాలేజీ బస్సులన్నీ కదిలిపోతాయి, వెనక ఆగిపోయినవాళ్ళకు ఇల్లు చేరే దారి ఉండదు అంది.