అమ్మాయి కారుకి ఆయన ఎంచిన కన్వర్టర్

పక్కింటి అంకుల్ పోయిన మంగళవారం ఉదయం వెళ్ళిపోయారు. ఆంటీ ఆ కబురు ఫోన్ చేసి మా అమ్మాయికి చెప్పింది, నాకు కాదు. ఆ క్షణంలో కూడా నాకు ఎక్కడో కలుక్కుమంది. చావు కబురు దగ్గరా అసూయ పడిన మనిషిని. ఆయన గురించి రాసే ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

ఇంగ్లండులో, నార్తాంప్టన్‌లో పదకొండేళ్ళు పక్కపక్కన ఉన్నాం. ఆయనది వరంగల్ వైపు. బస్సుల గేర్‌బాక్సులు బాగుచేసి రిటైరయ్యారు. మా ఇంట్లో నేనూ, అమ్మాయీ ఇద్దరమే. ఇక్కడే పుట్టిన అమ్మాయి నా తెలుగుకు ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆయనతో మాత్రం తప్పులతడకగానైనా తెలుగే మాట్లాడేది, అదీ వరంగల్ యాసలో. మాది గుంటూరు!

ఇద్దరూ కలిసి ఎనిమిది సిలిండర్ల పాత వీ-ఎయిట్ కారును ఒకదాన్ని మళ్ళీ నిలబెట్టారు. వారమంతా ఆఫీసుకూ అదే, ఆదివారం తిన్నని ట్రాక్ మీద డ్రాగ్ రేసుకూ అదే. దానికి టార్క్ కన్వర్టర్ కావలసి వచ్చింది. ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అందించే గుండ్రటి భాగం అది. బండి బరువెంత, ఇంజన్‌లో కామ్ షాఫ్ట్ ఏది, వెనక యాక్సిల్ ఏది అంటూ అంకుల్ నెలలపాటు అమ్మాయితో లెక్కలు వేయించారు.

"దుకాణపోన్ని కాదు బిడ్డా, బండిని అడిగి కొనాలె" అనేవారు.

ఆ లెక్కల్లో నాకు చోటు లేదు. అందుకే అమ్మాయి పుట్టినరోజుకి నేనే ఒకటి తెప్పించాను, అన్నిటికంటే ఎక్కువ స్టాల్ ఉన్నది, అంటే ఇంజన్ బాగా వేగం అందుకున్నాకే పట్టు దొరికేది. పెట్టె చూసి అంకుల్ నన్ను పక్కకు పిలిచారు.

"ఇది రేస్ మీద మస్తుగుంటది తమ్మీ. ఇంజన్ బాగా గుంజితే గాని పట్టుకోదు. ట్రాఫిక్‌ల జారుతది, ఆయిల్ కాగుతది."

"పర్లేదు, వేసెయ్యండి అంకుల్. అమ్మాయికి మాత్రం ఏమీ చెప్పకండి."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, వేశారు.

రెండో వారంలోనే రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ మాడిపోయింది. కారును లారీ మీద తెచ్చి దింపారు. అమ్మాయి ఏడుస్తూ అడిగింది, ఇది సరిపోతుందని ఎవరన్నారని.

"నేనే బిడ్డా. నా లెక్క తప్పింది" అన్నారు అంకుల్.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

మూడు వారాలు అమ్మాయి అంకుల్ గ్యారేజీ గడప తొక్కలేదు. సాయంత్రాలు నా పక్కన సోఫాలో కూర్చుంది. ఆయన ఒక్కరే గేర్‌బాక్స్ విప్పుతున్న చప్పుడు గోడ అవతల వినిపించేది. సిగ్గుచేటే, కానీ నాకు సంతోషంగా ఉండేది. తర్వాత ఆయన తక్కువ స్టాల్‌ది ఎంచి వేశారు. అమ్మాయి మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళిపోయింది.

నిన్న దహనం అయ్యాక ఆ కారులోనే ఇంటికి వస్తూ అమ్మాయికి నిజం చెప్పేశాను.

"ఐ నో, డాడ్. అంకుల్ లెక్క తప్పరు."

"మరి ఆ మూడు వారాలు ఎందుకు వెళ్ళలేదు?"

 ఈసారి తెలుగులోనే చెప్పింది.

"పొయ్యి డాడీ దగ్గర కూసో, ఆయన ఒక్కడే ఉన్నడు అన్నరు అంకుల్."

నావనుకున్న ఆ మూడు వారాలూ ఆయన ఇచ్చినవే. ఆ మాట విన్నప్పుడు కూడా, నిజం చెప్పాలంటే, ముందు అసూయే కలిగింది. కృతజ్ఞత తర్వాత వచ్చింది.

సిగ్నల్ పచ్చబడింది. అమ్మాయి బ్రేకు మీంచి కాలు తీసింది. చిన్న కుదుపైనా లేకుండా కారు వానలోకి కదిలింది. అమ్మాయి రోడ్డు వైపే చూస్తూ, ఎడమ చేత్తో గేర్ లివర్ పక్కన, కింద గేర్‌బాక్స్ ఉన్నచోట మెల్లగా నిమురుతోంది.