ముగ్గేసిన ఇసక

మొన్న ద్వారకా నగర్‌లో, మా ఆఫీసు కింద కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్లో ఎండు నెత్తళ్ళ ప్యాకెట్ ఒకటి కనిపించింది. పొరల మీద పొరలుగా ప్లాస్టిక్, దాని మీద 'వాసన రాదు' అని గొప్పగా అచ్చేసిన స్టిక్కరు. ముక్కుకి ఆనించుకుని చూశాను. నిజంగానే రాలేదు. ఛీ, ఇదీ ఒక ఎండుచేపేనా! అక్కడే పడేసి బయటికొచ్చాను. లోకం ఆ కంపుందని పారేస్తుంది, నేను అది లేదని పారేశాను.

నేను పుట్టింది ఈ ఊరి సముద్రపొడ్డునే, చేపలు పట్టేవాళ్ల పేటలో. చలికాలం పొద్దున్న తెప్పలు ఒడ్డుకి లాగగానే అమ్మా, అమ్మమ్మా, నూకాలు పిన్నీ గంపలతో నెత్తళ్ళు మోసుకొచ్చి ఇళ్ల ముందు ఇసక మీద పరిచేవారు, పెద్ద చేపలైతే పొట్ట చీల్చి ఉప్పు దట్టించి తాళ్లకి వేలాడేసేవారు, మేం పిల్లలం బోర్లించిన పడవ నీడలో చేరి పీతల కన్నాలు పుల్లలతో కెలుకుతూ మధ్యమధ్యలో లేచి కాకుల్ని తోలేవాళ్లం. ఆకలేస్తే ఎండీ ఎండని చేపనొకదాన్ని నిప్పుల మీద కాల్చి చద్దన్నంలో నంజుకోవడమే. గంగమ్మ పండక్కి కుట్టించిన కొత్త పరికిణీకి కూడా గారెలు, కోడికూర తిని లేచేసరికి ఆ వాసన పట్టేసేది. బళ్లో నా పక్కపిల్ల ముక్కు మూసుకుని దూరం జరిగేది. టీచరమ్మ నన్ను చూడగానే కిటికీలు తెరిపించేది. ఆ మొహాలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మమ్మకి ఒక పట్టింపు ఉండేది. పెళ్లిచూపులవాళ్లో, బడి మేస్టారో, ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడని తెలిస్తే చాలు, చేపలన్నీ ఎత్తించి, తాళ్లు విప్పించి, నీళ్లు జల్లించి, ఇసక చదును చేయించి ముగ్గు పెట్టించేది. "మన గుమ్మంలోకొచ్చినోడు ముక్కు మూసుకోకూడదే" అనేది. పేటంతా అదే పద్ధతి.

నేను సివిల్ లాయర్నయ్యాను. పగలంతా అన్నదమ్ముల వాటాలు, ప్రహరీ గోడల తగువులు. సాయంత్రాలు మాత్రం మా పేటవాళ్లవి, ఫీజు మాటే లేదు. అంతలో ఒడ్డు వెనకాల అపార్టుమెంట్లు లేచాయి. సముద్రం కనబడాలని ఫ్లాట్లు కొనుక్కున్న మహానుభావులకి సముద్రంలోంచి వచ్చిన చేప మాత్రం పడలేదు. చేపల ఇసక చుట్టూ కంచె కట్టి, పచ్చిక వేసి, వాకింగ్ ట్రాక్ వేయాలని పైరవీలు చేశారు. ఆ ఇసక పోతే మా ఆడవాళ్ల కూడు పోయినట్టే. కంచె వేయకూడదని దావా వేశాను. స్థలం చూసి రిపోర్టు ఇమ్మని కోర్టు ఒక వకీలుని కమిషనర్‌గా వేసింది.

"ఆయన వచ్చే రోజు ఉన్నది ఉన్నట్టు చూపించండి" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అందరూ తలలూపారు.

ఆ రోజు కమిషనర్‌తో పాటు నేనూ కారు దిగాను. ఒక్క నెత్తలి తోక కూడా లేదు. తాళ్లు లేవు, గంపలు లేవు. తడి ఇసక మీద ఇంత పెద్ద ముగ్గు. దాని పక్కన నేత చీర కట్టుకుని, కొబ్బరిబొండం పట్టుకుని మా నూకాలు పిన్ని.

"ఇదేటి పిన్నీ! సేపలేవి?"

"కోర్టు నుంచి అంత పెద్దాయనొత్తంటే సేపల మద్దిన నిలబెడతామేటే? తీసేసినాం."

కమిషనర్ ఆ బొండం తాగాడు. గాలి బాగుందన్నాడు. 'ఈ స్థలంలో చేపలు ఎండబెడుతున్న ఆనవాళ్లు లేవు' అని రాసి పారేశాడు. అభ్యంతరాలు వేశాను, పేటవాళ్లని బోనెక్కించి చెప్పించాను. అవతలివాళ్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుని వేలాడారు. ఓడిపోయాం. పై కోర్టులోనూ అంతే.

రోత పుట్టేది ఓడినందుకు కాదు. మొన్నామధ్య ఆ అపార్టుమెంట్ల సంఘం పెద్ద కోర్టు వరండాలో ఎదురుపడి, పళ్లన్నీ బయటపెట్టి, "మేడమ్, మీవాళ్ల దగ్గర మంచి నెత్తళ్ళు దొరుకుతాయా? మా ఆవిడకి మహా ఇష్టం" అన్నాడు. నోరు తెరిస్తే ఉమ్మేస్తానేమోనని గబగబా మెట్లు దిగిపోయాను.

ఇప్పుడక్కడ పచ్చిక ఉంది, సిమెంటు బెంచీలున్నాయి. కాకులున్నాయి గానీ తోలే పిల్లల్లేరు. మా ఆడవాళ్లు ఎవరో ఎండబెట్టిన చేపలు కొనుక్కొచ్చి బజార్లో అమ్ముకుంటున్నారు. నేను పేటకి వెళ్లినప్పుడల్లా నూకాలు పిన్ని చెయ్యి పట్టుకుని అదే అడుగుతుంది.

"వొచ్చినోడికి ముగ్గెట్టడం తప్పేటే అమ్మా?"

"నీ తప్పేం లేదు పిన్నీ" అంటాను. సరేనన్నట్టు తలూపుతుంది.

కానీ మొన్న గంగమ్మ పండక్కి వెళ్లి చూస్తే, పేటలో అన్ని గుమ్మాల ముందూ ముగ్గులున్నాయి, పిన్ని గుమ్మం ముందు తప్ప.