సగం గ్లాసు

ఉద్దానంలో సర్వేకి తిరిగిన రోజుల్లో ఒక పెద్దమ్మ నాకు సగం గ్లాసు నీళ్లిచ్చింది. కిడ్నీ జబ్బుతో పోయిన భర్తకి ఏళ్ల తరబడి కొలిచి పోసిన చెయ్యి అది. ఇప్పటికీ ఎవరొచ్చినా అంతే పోస్తుందని కోడలు చెప్పింది.

నా సర్వే కాగితంలోని ప్రశ్న చదివాను. "తప్పు చేశాననిపిస్తే మిమ్మల్ని మీరు దయగా చూసుకుంటారా? అసలు లేదంటే ఒకటి, ప్రతిసారీ అంటే ఐదు."

జీడిపప్పు పొట్టు తీస్తున్న ఆమె వేళ్లు ఆగాయి.

"ఆకరి దినం నీళ్లు నీళ్లని ఏడిసేడమ్మా. డాక్టరు సెప్పినంతే పోసేను. సాయంత్రానికి పోనాడు. నువ్వయితే ఏటి సేసేదానివి?"

నా కాగితంలో ఉన్నవి ఐదు అంకెలే. ఇంకొంచెం నీళ్లు పొయ్యమని ఖాళీ గ్లాసు చాపాను. ఆమె చెంబు వంచింది. నీళ్లు సగానికి రాగానే చెయ్యి దానంతటదే ఆగిపోయింది.