మైనస్ మూడు ఎటు జరిగింది

మా అక్కకు ఒక ఏడు ఇంటి పనుల్లోనే పోయింది. అందుకని ఇద్దరం ఒకే తరగతిలో పడ్డాం. ఇంటర్ లెక్కల్లో నేను గట్టెక్కాను, ఆమె తప్పింది. సప్లిమెంటరీలోనూ పోతే రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేదానికి పొమ్మని నాయన తేల్చేశాడు. ఆమెకేమో డిగ్రీ చదవాలని ఆశ.

చెప్పించుకోవడానికి ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు. నాకేమో మార్కులొచ్చిన పొగరు, పైగా బయట క్రికెట్ ఆట.

"ఎక్స్ స్క్వేర్ గ్రాఫు గిన్నె మాదిరి సున్నా మీద కూర్చుంటుందక్కా, ఆ వంపు తిరిగే కొననే శీర్షం అంటారు. ఎక్స్ మైనస్ మూడు హోల్ స్క్వేర్ అంటే ఆ గిన్నెనే మూడు గళ్ళు జరపాల. మైనస్ కదా, ఎడమకు."

"పుస్తకంలో కుడికని ఉండాదే?"

"అచ్చుతప్పు," అన్నాను. అంతటితో ఆగానా? పెన్ను తీసి 'కుడి' కొట్టేసి 'ఎడమ' అని రాసి మరీ ఆటకు పరిగెత్తాను. అక్క ఆ వారమంతా లెక్కలన్నీ ఎడమకే జరిపింది.

పరీక్షకు రెండు రోజుల ముందు ఇద్దరం చేనికి పోయాం. వేరుశనగకు స్ప్రింక్లర్లు పెట్టాం. ఒక పైపు అతుకు దగ్గర వాషరు అరిగిపోయి, నీళ్ళు విల్లులా లేచి గట్టు మీద పడుతున్నాయి.

"ఏమ్రా, గట్టుకు నీళ్ళు పెడతాండావా? గట్టున కాయలు కాస్తాయా?" అని నాయన అరిచాడు. "మూడడుగులు చేన్లోకి జరపండి!"

మోటారు ఆపే ముందు అక్క ఆ నీటి విల్లు నడినెత్తికి సరిగ్గా కింద ఒక పుల్ల గుచ్చింది. పైపులు చేన్లోకి, అంటే కుడివైపుకు, మూడడుగులు జరిపాం. మోటారు వేయగానే అదే విల్లు, అంతే ఎత్తున, పుల్లకు మూడడుగుల అవతల లేచింది.

అక్క ఒక్కో అడుగూ కొలుచుకుంటూ పోయి దాని కింద నిలబడింది. తలంతా తడిసింది.

"రేయ్, పుల్ల కాడ ఎక్స్ సున్నా అయితే ఈడ మూడు. మూడులోంచి మూడు తీస్తే సున్నా. సున్నా యాడుంటే శీర్షం ఆడనే కదా? మరి నువ్వేంది ఎడమకు తోసినావు?"

'నేనూ అదే చెప్పినా' అనబోయాను. కానీ కొట్టేసింది నా పెన్నే.

"నాదే తప్పక్కా. పుస్తకంలో ఉండేదే కరెక్టు."

"పండితుడివిలే," అంది. నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఇంటికి పోగానే లెక్కలన్నీ మొదటి నుంచి చేసింది. ఆ రెండు రోజులూ నేను బ్యాటు ముట్టలేదు. అదేదో త్యాగమని కాదు, ముట్టబుద్ధి కాలేదు. నా ఆట కోసం ఆమె డిగ్రీని పందెం కాశానని ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

పరీక్ష హాలు బయట కాచుకుని ఉన్నాను. అక్క నవ్వుతూ వచ్చింది.

"శీర్షం అడిగినారా?"

"అడిగినారు."

"నేను చెప్పినట్టు రాసినావా, పుస్తకంలో ఉన్నట్టా?"

"పైపు చెప్పినట్టు," అంది. "పా, బస్సు పోతాది."

ఆ ఏడే డిగ్రీలో చేరింది. గణితమే తీసుకుంది.