పందిరికి టార్పాలిన్ కట్టిన ఆదివారం

యూదుల పందిరి పండుగకు ఎవరైనా మిమ్మల్ని భోజనానికి పిలిస్తే తప్పక వెళ్లండి. నిచ్చెన జోలికి మాత్రం పోకండి.

2011 అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం పదిన్నరకు నేనూ మా ఆవిడ సుజాతా జెర్సీ సిటీలో రైలెక్కాం. న్యూవార్క్‌లో మారితే మొత్తం గంటన్నర. పిలిచింది మా మేనేజర్ డేవిడ్. వండినవి వద్దు, పళ్లు చాలన్నాడు కాబట్టి ఒళ్లో ఆపిల్ బుట్ట. నా గ్రీన్‌కార్డ్ లెటర్ మూడు నెలలుగా ఆయన సంతకం కోసం పడి ఉంది. దాని ఊసెత్తొద్దనీ, పనికొచ్చే మనిషిలా కనబడితే చాలనీ సుజాత దారంతా నూరిపోసింది. ఎదుటి సీట్లో పెద్దావిడ మేమెక్కడికో విని, గొడుగు తెచ్చుకున్నారా అని అడిగింది. తెచ్చుకోలేదు.

డేవిడ్ పెరట్లో పందిరి చూసి జాలేసింది. కప్పు మీద మొక్కజొన్న కాడలు, నిండా సందులు. పైన మబ్బు. మా చిన్నాన్నతో పెళ్లి పందిళ్లు కట్టిన చెయ్యి ఊరుకుంటుందా? అందరూ వంటింట్లో ఉండగా గ్యారేజీలోంచి నిచ్చెనా, నీలం టార్పాలినూ తెచ్చి, చుక్క దిగకుండా బిగించేశాను.

సూప్ గిన్నెలతో వచ్చిన వాళ్లంతా నోళ్లు తెరిచారు. మెచ్చుకోలే అనుకున్నాను. ఎనభై దాటిన డేవిడ్ తండ్రి మెల్లగా చెప్పాడు.

"పైన ఆకాశం కనబడాలి బాబూ. లేకపోతే ఇది సుక్కా కాదు, ఉత్త పందిరి."

నా ముళ్లు విప్పడం వాళ్ల తరం కాలేదు. నేనే ఎక్కి విప్పాను. ఆఖరి ముడి ఊడగానే వాన. వానొస్తే లోపల తినొచ్చట, అందరూ లేచారు. చేసిన తప్పు కడుక్కోవాలని నేను లేవలేదు. పాపం, పెద్దాయన మర్యాదకు నాతోపాటు తడిశాడు. తాగేకొద్దీ సూప్ పెరుగుతోంది. వాళ్ల పూర్వీకులు నలభై ఏళ్లు ఎడారిలో ఇలాంటి పాకల్లో తిరిగారనీ, అది మరిచిపోకూడదనే ఈ పండుగనీ చెప్పాడు. ఆరేళ్లుగా వీసా మీద, ఏడాదికో లీజులో బతుకుతున్నవాణ్ణి. నాకిది కొత్త పండుగేం కాదనిపించింది.

నాలుగింటికి స్టేషన్లో దింపుతూ డేవిడ్ అన్నాడు, "నీ లెటర్ పండుగకి ముందే సైన్ చేశాను, చెప్పడం మర్చిపోయాను. ఇండియా వాళ్ల గ్రీన్‌కార్డ్ క్యూ మాత్రం ఏళ్లకేళ్లు, అది నా చేతిలో లేదు."

రైల్లో తుమ్ముతూ కూర్చున్నాను. సంతోషమో సిగ్గో, కళ్లలో నీళ్లు తిరిగాయి. సుజాత తన శాలువా నాకు కప్పింది. పెద్దాయన చెప్పిన ఎడారి కథ ఆమెకు చెప్పాను.

"నలభై ఏళ్లకైనా వాళ్లు చేరారు," అంది చివరికి. "లేవండి, న్యూవార్క్. మనం ఇంకో రైలెక్కాలి."