నిలు సామీ, నిలు

అక్టోబరు ఆఖరున కొండ పైని ఫౌజు పోస్టుకు చేరాను. మధ్యాహ్నం రెండు గంటలు. మంచు ఇంకా పడలేదు, గాలి మాత్రం చెవులు కోసేస్తోంది. జీపు దారి కింది క్యాంపుతో సరి. అక్కడినుంచి గుర్రం మీద ఆరు గంటలు. పోస్టు ముందు గుర్రం ఎక్కే చోటు ఆరడుగుల వెడల్పు. ఒక పక్క కొండ, రెండో పక్క లోయ.

నాకు అప్పగించిన గుర్రం గిట్ట మీద నంబరు నలభై ఏడు. రికాబులో కాలు పెడితే చాలు, ముందుకు దూకేది. నాకు ముందున్నవాడి భుజం ఎముక అలాగే విరిగింది.

"చలికాలం పైన ఉండే గుర్రం ఇదొక్కటే" అన్నారు సుబేదార్. "మంచు పడేలోపు ఇది నిలవాలి. ఎవడికైనా ప్రాణం మీదికొస్తే దించేది ఇదే."

నేను పుట్టింది తమిళనాడులో, కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లెలో. ఎద్దులు తెలుసు, గుర్రం తెలియదు. ఫోను కలిసినప్పుడు నాయనతో మొరపెట్టుకున్నాను.

"గుర్రమైతే ఏంటిరా? కోడెదూడని కాడికి నిలిపినట్టే. పొరుమ కావాల, పొరుమ! మొదట మెడమీద చెయ్యి పెట్టు. అది ఊపిరి విడిచినాకనే కాలు పెట్టు. కదిలిందా, కాలు తీసెయ్. మళ్ళా మొదట్నించి."

పొరుమ అంటే ఓర్పు. నాకది పుట్టుకతో లేదు.

మొదటి రోజు ఇరవైసార్లు కాలు పెట్టి ఇరవైసార్లూ తీశాను. తిట్టాను. ఏడుపు కూడా వచ్చింది. నిలిస్తే ఊరినుంచి తెచ్చుకున్న వేరుశనగ కడలమిఠాయి ముక్క పెట్టేవాణ్ణి. "నిలు సామీ, నిలు" అంటే ఆగాలి. "పోదాం సామీ" అంటేనే కదలాలి. పద్దెనిమిదో రోజు పొద్దున నేను జీను మీద కూర్చున్నాక కూడా చెవులు తప్ప ఏమీ కదపలేదు. మెడ కావలించుకుని ముద్దు పెట్టాను. లాడాలు కొట్టే హర్యానావాడు నవ్వాడు.

"దాంతో ఏ భాషలో గొణుగుతావయ్యా?"

తప్పు అక్కడే చేశాను. మా వైపు బజారులో తమిళం. ఇంట్లో మనుషులకూ కొట్టంలో ఎద్దులకూ మాత్రమే తెలుగు. ఫౌజులో హిందీ. గుర్రానికి హిందీలోనే నేర్పాల్సింది. దాని పక్కన నిలబడితే నాకు మా కొట్టమే గుర్తొచ్చింది, ఏం చెయ్యను!

జనవరిలో చలికి నా కాలివేళ్ళు నల్లబడ్డాయి. తెరిపిచ్చిన రోజు హెలికాప్టర్‌లో కింది క్యాంపుకు దించారు. నాలుగో పొద్దున, ఏడుంబావుకు, రేడియోలో హర్యానావాడి గొంతు.

"వంటవాడికి ఊపిరి ఆడటం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఓవర్."

మబ్బు కమ్మేసింది, హెలికాప్టర్ రాదు. మధ్యాహ్నం రెండు దాటితే మనిషి దక్కడని డాక్టరు నా పక్కనే అన్నారు.

"మూడుసార్లు ఎక్కించబోయాం, మూడుసార్లూ దూకింది. ఇంకోసారి దూకితే ఇద్దరూ లోయలోకే. దాంతో ఏమంటావు నువ్వు? ఓవర్."

చెప్పాను. ఆ మాట వాడి నోట తిరగలేదు. గుర్రం వినలేదు.

"సెట్టు దాని చెవి దగ్గర పెట్టు" అన్నాను.

అన్ని పోస్టులూ వింటున్న లైను. క్యాంపులో అందరూ నన్నే చూస్తున్నారు. ఇంటి బయట నేనెన్నడూ గొంతెత్తి పలకని భాష. కళ్ళు మూసుకున్నాను.

"నిలు సామీ... నిలు... నా బంగారు సామీ, నిలు."

గరగర తప్ప ఏమీ లేదు.

"ఎక్కించాం! ఓవర్." మరుక్షణమే, "ఓరి దేవుడా, ఇప్పుడు కదలడం లేదు!"

"పోదాం సామీ" అన్నాను. రాతి మీద లాడాల చప్పుడు వినిపించింది.

ఒంటిగంటా ఇరవైకి వంటవాడు క్యాంపు చేరాడు, ప్రాణాలతో.

మే నెలలో నా డ్యూటీ ముగిసింది. పైకి వెళ్ళి సామాను తీసుకుని, నడిచి దిగుతుంటే గుర్రం వెంటపడింది. ఇరుకు దారి, ఎదురుగా కంచరగాడిదల వరుస. "నిలు సామీ" అన్నాను. నిలబడింది. నేను వెనక్కి చూడకుండా నడిచాను. మలుపు దగ్గర మాత్రం ఉండబట్టలేక ఒక్కసారి చూశాను.

రైలు విరుదునగర్, సాత్తూరు దాటి కోవిల్‌పట్టిలో ఆగింది. నాయన వచ్చాడు. ఊరి బస్సులో కూర్చుని అంతా చెప్పాను. విని ఒక్కటే అడిగాడు.

"అది సరేరా. పోదామని చెప్పినావా దానికి?"

చెప్పలేదు.

ఎవరో పట్టుకెళ్ళి కట్టేసే ఉంటారు. అంత తెలియనివాణ్ణి కాను. అయినా ఇప్పటికీ కళ్ళు మూస్తే, ఆ ఇరుకు దారిలో, చెవులు రెండూ నా వైపు తిప్పి, అది నిలబడే ఉంటుంది.